టీచర్ చదువు: ఏడాదికి 50 గంటల లెక్క

బడులు తెరిచి నెల తిరక్కముందే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లోకి లింకులు వస్తాయి. ఫలానా కోర్సు ఫలానా తేదీలోగా పూర్తి చేయాలి, సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి, చేయనివారి పేర్లు పైఅధికారులకు వెళ్తాయి. పాఠాలు, పరీక్షలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు, వీటన్నిటి మధ్య వచ్చిన ఆదేశం కాబట్టి అది ఎలాగోలా తెమిలితే చాలనిపిస్తుంది. ఒక పక్క వీడియో నడుస్తుంటే మరో పక్క నోటుబుక్కులు దిద్దుకుంటారు. ఏడాది చివర ఫైల్లో సర్టిఫికెట్లు మిగులుతాయి. క్లాసులో తీసివేతలు రాని పిల్లలూ మిగులుతారు.

ఈ అధ్యాయం ఆ రెండింటినీ కలిపి చూస్తుంది. మీ చదువు ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది మీ క్లాసులోని పిల్లలే. వాళ్ల కష్టంలోంచి పుట్టిన ఒక ప్రశ్న చుట్టూ మీ 50 గంటలను అల్లుకుంటే, ఏ గంట లెక్కలోకి వస్తుందో, ఏది రాదో మీకే తెలిసిపోతుంది. పైగా ఇప్పటికే మీరు చేస్తున్న పనిలో ఎంత భాగం చదువు కిందికి వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

నియమం ఏమంటోంది

ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన ఎదుగుదలకు కేటాయించాలని జాతీయ విద్యావిధానం 2020 చెప్పింది. దీన్నే సీపీడీ (కంటిన్యువస్ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్) అంటున్నాం. ప్రధానోపాధ్యాయులకూ అన్నే గంటలు. అందులో చాలామంది దృష్టికి రాని షరతు ఒకటుంది. ఈ గంటలు టీచర్ సొంత ఆసక్తుల ప్రకారం సాగాలని ఆ విధానపత్రమే చెబుతోంది. పైనుంచి వచ్చిన కోర్సులతోనే 50 నింపాలని అందులో లేదు. సీబీఎస్‌ఈ అయితే ఈ గంటలను రెండు సగాలు చేసింది: 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగతా 25 గంటలు బడిలోనో, చుట్టుపక్కల బడులు కలిసిన కాంప్లెక్స్‌లోనో. అంటే సగం చదువు మీ ప్రాంగణంలోనే జరగాలి.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. ప్రతి ఐదేళ్ల సర్వీసులో టీచర్‌కు కనీసం రెండు మూడు నెలల శిక్షణ ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సిఫార్సు చేసింది. స్కూల్ కాంప్లెక్స్ అనే ఏర్పాటును సూచించిందీ ఆ కమిషనే. 

ఇతర వృత్తుల్లోనూ ఇలాంటి లెక్కలున్నాయి. డాక్టర్లు ఐదేళ్లలో కనీసం 30 గంటలు వైద్యవిద్యా సదస్సుల్లో పాల్గొనాలని 2002 నాటి వైద్య నియమావళి చెప్పింది. నర్సులు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లలో 150 గంటలు చూపాలి. ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ 60 ఏళ్ల లోపు వారైతే మూడేళ్లలో 120 గంటలు పూర్తి చేయాలి. వాటిలో కనీసం 60 గంటలు సంస్థ గుర్తించిన తరగతులు, సదస్సుల్లో ఉండాలి. మిగతావి సొంతంగా చదువుకోవడం ద్వారా రావచ్చు. బ్రిటన్‌లో నర్సు అయితే మూడేళ్లలో 35 గంటలు చదవాలి, అందులో 20 గంటలు ఇతరులతో కలిసి చేసినవై ఉండాలి. ఆ పైన తన పనిలో ఏం మారిందో ఐదు నివేదికలుగా రాసి, మరో నర్సుతో కూర్చుని మాట్లాడాలి. ఈ చివరి షరతు మనం అరువు తెచ్చుకోదగ్గది. గంటలు గడిపితే సరిపోదు, వాటివల్ల పనిలో ఏం మారిందో చెప్పగలగాలి.

లెక్కలోకి వస్తుందా? మూడు ప్రశ్నలు

ఏ కార్యక్రమాన్నైనా మీ 50 గంటల్లో రాసుకునే ముందు ఈ మూడూ అడగండి.

1. ఇది నా క్లాసులోని ఏ పిల్లల ఏ ఇబ్బందికి సంబంధించింది?
2. దీని తర్వాత నేను ఏ పాఠాన్ని, ఏ పనిని వేరుగా చేశాను?
3. అలా చేశానని, దాని ఫలితం ఇదని చూపడానికి నా దగ్గర ఏముంది?

మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ గంట మీకు సంబంధం లేనిది. రెండోదానికి లేకపోతే విన్నది చెవి దగ్గరే ఆగింది. మూడోదానికి లేకపోతే చదువు జరిగింది కానీ ఏడాది తిరిగేసరికి మీకే గుర్తుండదు. కొన్ని కార్యక్రమాలకు సర్టిఫికెట్ ఉంటుంది, మూడు జవాబులూ ఉండవు. కొన్నింటికి మూడు జవాబులూ ఉంటాయి, సర్టిఫికెట్ ఉండదు. శాఖకు చూపడానికి మొదటివి కావాలి, పిల్లల కోసం రెండోవి కావాలి. ఏడాది ప్రణాళికలో రెండింటికీ చోటివ్వాలి.

ఇక ఒక్కో కార్యక్రమం చూద్దాం.

పిల్లల నోటుబుక్కులు చదవడం

దిద్దడం వేరు, చదవడం వేరు. దిద్దేటప్పుడు తప్పు కనబడగానే ఇంటూ పెట్టి ముందుకు వెళ్తాం. చదివేటప్పుడు ఆ తప్పు దగ్గర ఆగి, ఈ బిడ్డ ఏం ఆలోచించి ఇలా రాసిందని అడుగుతాం.

ఒక లెక్క తీసుకోండి. 52లోంచి 27 తీసివేయమన్నారు. జవాబు 25. క్లాసులో చాలామంది 35 అని రాశారనుకుందాం. అందరిదీ ఒకే తప్పులా కనబడుతుంది. కానీ 35కు రెండు దారులున్నాయి. ఒక పాప ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, 7లోంచి 2 తీసేసి 5 రాసింది. పదుల్లో 5లోంచి 2 పోతే 3. ఇంకో బాబు పదుల నుంచి అప్పు తెచ్చుకున్నాడు, 12లోంచి 7 పోతే 5 అని సరిగ్గానే రాశాడు. అప్పిచ్చాక పదుల్లో ఒకటి తగ్గించడం మర్చిపోయాడు, 5లోంచి 2 పోతే 3 అన్నాడు. ఇద్దరికీ 35 వచ్చింది. పాపకు స్థానవిలువ మొదటినుంచీ నేర్పాలి. బాబుకు ఒక్క అడుగు గుర్తుచేస్తే చాలు. ఇద్దరికీ ఒకే పాఠం మళ్లీ చెబితే ఒకరికి అర్థం కాదు, మరొకరికి విసుగొస్తుంది.

ఈ ఇద్దరినీ విడదీయాలంటే అంకె మార్చండి. 52లోంచి 28 తీసేయమనండి. మొదటి పాప 36 రాస్తుంది, రెండో బాబు 34 రాస్తాడు, తీసివేత సరిగ్గా వచ్చినవాళ్లు 24 రాస్తారు. ఒక్క లెక్కతో క్లాసు మూడు గుంపులుగా మీకు తెలిసిపోతుంది. పిల్లల తీసివేత తప్పులు అజాగ్రత్త వల్ల ఎక్కడపడితే అక్కడ రావని, వాటి వెనుక ఒక పద్ధతి ఉంటుందని 1978లో అమెరికాకు చెందిన జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ విడమరిచి చూపారు. పిల్లలు తప్పు నియమాన్ని నమ్మకంగా పాటిస్తారు. ఆ నియమం ఏదో కనిపెట్టడమే టీచర్ చేయాల్సిన చదువు.

హైస్కూల్లోనూ ఇంతే. చంద్రకళలు ఎందుకు వస్తాయని ఎనిమిదో తరగతిలో అడిగి చూడండి. భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్ల అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. అది గ్రహణానికి చెందిన జవాబు. సూర్యకాంతి పడిన సగంలో మనకు కనబడే భాగం రోజురోజుకూ మారడం వల్ల కళలు వస్తాయి. ఈ తప్పు జవాబులను ఒకచోట రాసుకుంటే, వచ్చే ఏడాది ఆ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలుస్తుంది.

నెలకు ఒకసారి ఒక క్లాసు నోటుబుక్కులను ఇలా చదివి, తప్పులను రకాలుగా విడదీసి, ఒక పేజీ రాయండి. అది పక్కాగా లెక్కలోకి వచ్చే పని.

తోటి టీచర్ క్లాసులో వెనుక బెంచీ

జపాన్ టీచర్లకు శతాబ్దానికి పైగా ఒక అలవాటుంది. కొందరు కలిసి ఒక పాఠానికి ప్రణాళిక వేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వెనుక నిలబడి చూస్తారు. తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు, పాఠాన్ని సవరిస్తారు. లెసన్ స్టడీ అనే పేరుతో ఇది ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. 1999లో జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ రాసిన పుస్తకం తర్వాత బయటి ప్రపంచానికి బాగా తెలిసింది.

మన బడుల్లో ఒకరి క్లాసులోకి ఇంకొకరు రావడమంటే తనిఖీ అన్న భయం ఉంది. ఆ భయం పోవాలంటే ఒక నియమం పెట్టుకోవాలి: చూడటానికి వచ్చినవారు టీచర్‌ను చూడరు, పిల్లలను చూస్తారు. ముందే నలుగురు పిల్లలను ఎంచుకుని, పాఠం జరుగుతున్నంతసేపూ వాళ్లు ఏం రాస్తున్నారు, ఎక్కడ ఆగిపోయారు, పక్కవాళ్లను ఏం అడిగారు అని మాత్రమే రాసుకుంటారు. తర్వాత మాట ఇలా మొదలవుతుంది: "మేడమ్, మీరు బోర్డు మీద రెండో లెక్క చేస్తున్నప్పుడు కిటికీ దగ్గరి అబ్బాయి ఇంకా మొదటిదే రాస్తున్నాడు." ఇందులో మెప్పూ లేదు, విమర్శా లేదు. పాఠం చెబుతున్నవారికి ఎప్పటికీ కనబడని విషయం ఒకటి చేతికి అందింది. అరగంట ప్రణాళిక, ఒక పీరియడ్ పరిశీలన, ముప్పావుగంట చర్చ కలిపితే రెండు గంటలవుతుంది. ఏడాదికి నాలుగుసార్లు చేస్తే ఎనిమిది గంటలు.

మీది ఏకోపాధ్యాయ పాఠశాల అయితే? ఫోన్ జేబులో పెట్టుకుని ఒక పీరియడ్ మాటలు రికార్డు చేసుకోండి. సాయంత్రం ఒంటరిగా వినండి. ప్రశ్న అడిగాక జవాబు కోసం మీరు ఎంతసేపు ఆగారో చూడండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో ఎన్నో క్లాసుల రికార్డింగులు విన్నారు. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. ఇది మీ ఒక్కరితో అయ్యే ప్రయోగం. ఆ రికార్డింగును మాత్రం ఎవరికీ పంపకండి, విన్నాక తుడిచేయండి. అందులో పిల్లల గొంతులున్నాయి.

శిక్షణ తరగతులు, ఆన్‌లైన్ కోర్సులు

దీక్ష వేదికను 2017 సెప్టెంబర్ 5న, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు ప్రారంభించారు. ప్రాథమిక స్థాయి టీచర్ల కోసం నిష్ఠ శిక్షణ 2019 ఆగస్టులో మొదలైంది, కోవిడ్‌తో దీక్షలోకి మారింది. స్వయం వేదికలో యూనివర్సిటీ స్థాయి కోర్సులున్నాయి. ఇంట్లోంచే చదువుకునే వీలు ఇంతగా ఇంతకుముందు లేదు.

అయితే వినడం, చూడటం ఒక్కటే క్లాసును మార్చదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు 1980ల్లో టీచర్ల శిక్షణ మీద చేసిన పని ఈ విషయంలో దారి చూపిస్తుంది. ఉపన్యాసం విన్నా, మాదిరి పాఠం చూసినా, అక్కడే సాధన చేసినా, బడికి వెళ్లాక దాన్ని నిలబెట్టుకున్నవారు తక్కువ. తోటి టీచర్ ఒకరు వెంట ఉండి, ప్రయత్నిస్తుంటే చూసి, మాట్లాడుతూ ఉన్నచోట మాత్రం కొత్త పద్ధతి క్లాసులో నిలిచింది.

కాబట్టి కోర్సు తీసుకునేటప్పుడు ఇలా చేయండి. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న కోర్సునే మొదట ఎంచుకోండి. మీ బడిలోనో పక్క ఊళ్లోనో మరొకరిని జతగా చేర్చుకోండి. ఒక మాడ్యూల్ పూర్తికాగానే దాంట్లోంచి ఒక్క పనిని మర్నాడే క్లాసులో చేయండి. ఏం జరిగిందో ఆ జతకు ఫోన్ చేసి చెప్పండి. అయిదు మాడ్యూళ్లు వరసగా చూసి ఏదీ చేయకపోవడం కన్నా, ఒకటి చూసి ఒకటి చేయడం మేలు. రిసోర్స్ పర్సన్ చెప్పేది మీ బడికి నప్పదనిపిస్తే ఆ మాట అక్కడే అడగండి. "మా బడిలో రెండు క్లాసులు ఒకే గదిలో ఉంటాయి సార్, ఇది ఎలా చేయాలి?" అన్న ప్రశ్న ఆ హాల్లో ఉన్న సగం మందికి పనికొస్తుంది.

కాంప్లెక్స్ మీటింగ్

1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం ఏపీపెప్. పాతతరం టీచర్లు ఈ పేరు వినగానే గుర్తుపడతారు. అది ఆరు బోధనా సూత్రాలు ఇచ్చింది. టీచర్ స్వయంగా తయారుచేసిన కృత్యాలు, చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగా, జట్లుగా, క్లాసంతా కలిసి పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని గోడల మీద ప్రదర్శించడం. దాంతోపాటు చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పాటు చేసింది. ఇవాళ్టి కాంప్లెక్స్ మీటింగ్‌లకు అలాంటి పూర్వరూపాలున్నాయి.

ఆ మీటింగ్ సర్క్యులర్లు చదవడంతో ముగిసిపోకుండా ఉండాలంటే మీరు ఒట్టి చేతులతో వెళ్లకూడదు. మీ క్లాసులో వచ్చిన తప్పుల పేజీని, నాలుగు నోటుబుక్కుల ఫొటోలను తీసుకెళ్లండి. "52లోంచి 28 మీ పిల్లలు ఎలా చేస్తున్నారు?" అని అడగండి. పది బడుల పిల్లల జవాబులు ఒకచోట చేరితే ఆ గంట ఏ శిక్షణకూ తీసిపోదు. టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) మేళాకు వెళ్లినా అంతే. చార్టులు చూసి ఫొటో తీసుకుని రావడంతో ఆగకుండా, ఆ సామగ్రిని పిల్లలు ఎలా వాడారో, ఎక్కడ తికమకపడ్డారో తయారుచేసినవారిని అడిగి తెలుసుకోండి.

సొంత క్లాసులో యాక్షన్ రీసెర్చ్

పరిశోధన అనగానే థీసిస్, గైడు, గణాంకాలు గుర్తొచ్చి చాలామంది వెనక్కి తగ్గుతారు. టీచర్ తన క్లాసులోనే తన సమస్య మీద చేసే పరిశోధన వేరు. కర్ట్ లెవిన్ 1940ల్లో ఈ పద్ధతికి రూపమిచ్చారు. 1950ల్లో స్టీఫెన్ కోరీ దాన్ని బడుల్లోకి తెచ్చారు. అడుగులు నాలుగే: సమస్యను చూడు, ఒక మార్పు ఆలోచించు, చేసి చూడు, ఏం జరిగిందో కొలిచి మళ్లీ ఆలోచించు.

మన తీసివేత ఉదాహరణనే తీసుకుందాం. మొదటి వారం పది లెక్కల చిన్న పరీక్ష పెట్టండి, ఎవరు ఏ రకం తప్పు చేస్తున్నారో రాసుకోండి. తర్వాతి రెండు వారాలు స్థానవిలువ రానివాళ్లతో పుల్లల కట్టలు విప్పించండి. పదేసి పుల్లలు కట్టిన కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు పెట్టి, అందులోంచి 28 తీసి ఇవ్వమనండి. కట్ట విప్పకుండా ఇవ్వడం కుదరదు. ఆ కట్ట విప్పడమే కాగితం మీద అప్పు తెచ్చుకోవడమని, విప్పాక కట్టలు నాలుగే మిగిలాయని వాళ్లచేతే చెప్పించండి. అప్పు తెచ్చుకుని తగ్గించడం మరిచేవాళ్లకు, జవాబును తిరిగి కూడి సరిచూసుకోవడం నేర్పండి. నాలుగో వారం అదే స్థాయి లెక్కలతో మళ్లీ పరీక్ష పెట్టండి. నెల తర్వాత ఇంకోసారి పెడితే, నేర్చుకున్నది నిలిచిందో లేదో తేలుతుంది.

ఫలితం రాకపోతే? అదీ రాయండి. ఏ పిల్లలకు పనిచేయలేదో, ఎందుకని మీరనుకుంటున్నారో రాయండి. పక్క బడి టీచర్‌కు ఆ పేజీ విలువైనది. రెండు మూడు పేజీల నివేదిక చాలు. దాన్ని కాంప్లెక్స్ మీటింగ్‌లో చదవండి, జిల్లా విద్యా శిక్షణ సంస్థ అయిన డైట్‌కు పంపండి.

పిల్లల ఇంటి భాష నేర్చుకోవడం

ఇది ఏ కోర్సు జాబితాలోనూ సాధారణంగా కనబడదు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి, కోలామి మాట్లాడే పిల్లలు, భద్రాచలం, చింతూరు వైపు కోయ పిల్లలు, శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవర పిల్లలు, ఎన్నో తండాల్లో బంజారా పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు అక్షరాల ముందు కూర్చుంటున్నారు. అక్షరం కొత్త, భాషా కొత్త. అలాంటి బడిలో పనిచేసే టీచర్ వారానికి ఒక గంట ఊళ్లోని పెద్దల దగ్గర కూర్చుని, చుట్టరికాల పేర్లు, అంకెలు, వంటింటి వస్తువులు, ఆదేశాలు, ఒక ఆట పాట ఆ భాషలో నేర్చుకుంటే, మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. నేర్చుకున్న మాటలను తెలుగు లిపిలో రాసి, పక్కన బొమ్మ వేయించి, క్లాసులో వేలాడదీయండి. అది చదువు, రికార్డు, టీఎల్‌ఎం మూడూ అవుతుంది.

చదవడం, రాయడం, ఇంకొకరికి చెప్పడం

గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న', తెత్సుకో కురోయనగి 'తొత్తోచాన్' మన టీచర్లకు తెలుగులోనూ అందాయి. రెండోది 'రైలుబడి'గా ఎన్నో ఇళ్లలో ఉంది. అందులోని హెడ్మాస్టర్ కొబయాషి యూరప్ వెళ్లి, స్విస్ సంగీత గురువు దాల్‌క్రోజ్ దగ్గర లయతో శరీరాన్ని కదిలించే విద్య నేర్చుకుని, తన చిన్న బడిలో దాన్ని రోజువారీ పాఠం చేశారు. దూరదేశంలో నేర్చుకున్నది పిల్లల టైంటేబుల్ దాకా ఎలా రావాలో అంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు. పుస్తకం చదివితే, దాంట్లోంచి మీ క్లాసుకు తెచ్చుకోగల ఒక పనిని పక్కన రాసుకోండి. నలుగురు టీచర్లు కలిసి నెలకు ఒక అధ్యాయం చదివి గంటసేపు మాట్లాడుకుంటే అది ఇంకా గట్టిగా నిలుస్తుంది.

రాయడం, తయారుచేయడం కూడా చదువే. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కృత్యాల కార్డులుగా విడగొట్టి, ఒక్కో బిడ్డ తన వేగంతో ఎక్కే అభ్యసన నిచ్చెనగా అమర్చింది. బహుళ తరగతుల బడుల కోసం పుట్టిన ఆ పద్ధతి తమిళనాడు కృత్యాధార విద్యకు ప్రేరణ అయింది. పాఠాన్ని కార్డులుగా విడగొట్టాలంటే ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ సాధన, ఎక్కడ మూల్యాంకనం అని ప్రతి అడుగూ ఆలోచించాలి. మీరు ఒక్క పాఠానికి అలా చేసి చూడండి, ఆ పాఠం మీకు కొత్తగా కనబడుతుంది. కొత్తగా చేరిన టీచర్‌కు తోడుగా ఉండటం, రిసోర్స్ పర్సన్‌గా వెళ్లడం, ప్రశ్నపత్రం తయారుచేయడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

లెక్కలోకి రానివి

ఎన్నికల విధులు, సర్వేలు, యాప్‌లలో సమాచారం నింపడం కష్టమైన పనులే, కానీ అవి వృత్తిపరమైన చదువు కావు. శిక్షణకు బస్సులో వెళ్లిన సమయం కూడా కాదు. మీకు బాగా వచ్చిన విషయం మీద గంటల కోసం మళ్లీ చేసిన కోర్సు, గ్రూపులో ఫార్వర్డ్ చేసిన వీడియో, సంతకం పెట్టి మధ్యలో వచ్చేసిన సదస్సు, ఇవేవీ మూడు ప్రశ్నల ముందు నిలబడవు. మీ లెక్క మీరు నిజాయితీగా రాసుకుంటేనే దాన్ని మీరే నమ్ముతారు.

రికార్డు: అర పేజీ చాలు

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ప్రతి కార్యక్రమానికీ అర పేజీ రాయండి:

- తేదీ, ఎన్ని గంటలు, ఎవరితో
- ఏ ప్రశ్నతో మొదలుపెట్టాను
- కొత్తగా తెలిసింది ఏమిటి, రెండు వాక్యాల్లో
- క్లాసులో ఏం చేశాను, ఏ తేదీన
- పిల్లలు ఏం చేశారు, ఏం అన్నారు
- తర్వాత ఏం చేయాలి

పక్కన సర్టిఫికెట్ జిరాక్సో, పిల్లల పేర్లు కనబడని నోటుబుక్ పేజీ ఫొటోనో, పరిశీలన కాగితమో అంటించండి. మీ శాఖ, బోర్డు వేటిని అంగీకరిస్తాయో ఏడాది మొదట్లోనే సర్క్యులర్ చూసి నిర్ధారించుకోండి. బడిలో జరిగిన వాటికి హెడ్మాస్టర్ సంతకం అదే వారంలో తీసుకోండి.

ఏడాది ప్రణాళిక: ఒక నమూనా

- శిక్షణలు, ఆన్‌లైన్ కోర్సులు, శాఖాపరమైన సమావేశాలు: 25 గంటలు
- తోటి టీచర్ల క్లాసుల పరిశీలన, నాలుగుసార్లు: 8 గంటలు
- నోటుబుక్కుల విశ్లేషణ, ఒక యాక్షన్ రీసెర్చ్: 9 గంటలు
- పుస్తక పఠనం, చర్చ: 5 గంటలు
- నేర్చుకున్నది ఇతరులకు చెప్పడం, రాయడం: 3 గంటలు

మొత్తం 50. జూన్, జూలైల్లో ప్రశ్న వెతకండి. ఆగస్టు నుంచి నవంబర్ వరకు పరిశీలనలు, ప్రయోగం చేయండి. సంక్రాంతి తర్వాత ఫలితాలు చూసి నివేదిక రాయండి. మార్చిలో పరీక్షల హడావుడి ఉంటుంది కాబట్టి అప్పటికి ఏ గంటా మిగిలి ఉండకుండా చూసుకోండి. గిరిజన ప్రాంతంలో ఉంటే పఠనం గంటల్లో కొన్ని భాష నేర్చుకోవడానికి మార్చుకోండి.

హెడ్మాస్టర్లు ఇందుకు చేయాల్సింది ఒకటుంది. వారంలో ఒక పీరియడ్ సర్దుబాటు చేసి, ఇద్దరు టీచర్లు ఒకరి క్లాసు ఒకరు చూసుకునే వీలు కల్పించండి. మొదటి పాఠం మీరే చెప్పి, మీ టీచర్లను వెనుక కూర్చోమనండి. హెడ్మాస్టర్ క్లాసునే అందరూ చూసిన తర్వాత తనిఖీ అన్న భయం ఆ బడిలో ఎక్కువ రోజులు ఉండదు.

ఈ వారం చేయాల్సిన పని

1. ఒక క్లాసు ఎంచుకుని, ఒకే లెక్కకో ఒకే ప్రశ్నకో పిల్లలు రాసిన జవాబులన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి.
2. ఎక్కువమంది చేసిన తప్పును ఎంచుకోండి. ఆ తప్పు చేసిన ముగ్గురిని విడివిడిగా పిలిచి, "ఇది ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడగండి. మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి.
3. ఆ మాటల్లోంచి మీ ఏడాది ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి.
4. ఆ ప్రశ్నను మరో టీచర్‌కు చెప్పి, తేదీ వేసి, నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

దీనికి పట్టే సమయం రెండు గంటలు. వాటిని మీ లెక్కలో మొదటి వరుసలో వేసుకోండి. మిగిలిన 48 గంటలు దేనికి వెచ్చించాలో మీరు రాసిన ఆ వాక్యం చెబుతుంది. ఇక ఏ లింకు వచ్చినా, ఏ సదస్సుకు పిలుపొచ్చినా, దాన్ని ఆ వాక్యం పక్కన పెట్టి చూసి నిర్ణయించుకునే హక్కు, శక్తి మీ చేతిలో ఉంటాయి.